నాలుగు వేళ్ల సందు

చచ్చిపోయిన మనిషి లేచి వచ్చి జవాబు చెప్పలేడు. అది తెలిసే రాశారు. మా ఉస్తాద్ మట్టిలో కలిసి పదకొండు రోజులైన నాడు, పాత బండ్లు నడిపేవాళ్ల ఫోన్ గ్రూపులో అందరూ చూసేలా ఒక మాట పెట్టారు. "ఇబ్రహీంపట్నం ముసలి మెకానిక్ వేసిన లెగ్ గార్డ్ వల్ల నా బండి ఫ్రేమ్ విరిగింది. చదువు లేనివాళ్లతో క్లాసిక్ బండికి గార్డులు వేయించుకోకండి. ఇప్పటికే వేయించుకున్నవాళ్లు విప్పించేయండి." కింద ఫొటో. ఫొటో కింద వరుసగా బొటనవేళ్ల బొమ్మలు. ఒకరెవరో "ఆయన ఈ మధ్యే పోయాడట కదా" అని రాస్తే, "అయితే ఇంకెవరిని అడుగుతాం" అని ఇంకొకరు నవ్వే బొమ్మ పెట్టారు.

నన్ను అడగండి. నేనున్నాను.

ఉస్తాద్ పోయిన సంగతి ఊరందరికీ పొద్దున్నే తెలిసింది. నాకు సాయంత్రం తెలిసింది. నేను ఆదిభట్ల వైపు ఒక మెషిన్ షాపులో కాంట్రాక్టు మీద పని చేస్తాను. గేటు దగ్గరే ఫోన్ తీసుకుని అరలో పెట్టి తాళం వేస్తారు. షిఫ్టు దిగి ఫోన్ తెరిస్తే పదిహేడు మిస్డ్ కాల్స్. తెల్లవారుజామున నమాజుకు కాళ్లూ చేతులూ కడుక్కుంటూ అక్కడే కూలబడ్డాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. నేను బస్సు దిగి ఉరికాను. అప్పటికే మట్టి ఇచ్చేశారు. పైన చల్లిన నీళ్ల తడి ఇంకా ఆరలేదు. పోయిన మనిషికి ప్రతివాడూ మూడు పిడికిళ్ల మట్టి వేస్తాడు. మా ఊళ్లలో తురకల ఇంట్లో చావైనా మేమూ పోయి వేస్తాం, మా ఇంట్లో చావైతే వాళ్లూ వచ్చి పాడె పడతారు. నా మూడు పిడికిళ్లు పడలేదు. అప్పటినుంచి నా చేతులకు ఒకచోట ఉండడం రావట్లేదు. పత్రికకు ఈ ఉత్తరం రాస్తూ కూడా నాలుగుసార్లు లేచాను.

ఆయన ఎవరో తెలియనివాళ్లకు చెబుతాను. సాగర్ రోడ్డు మీద, బస్టాండు దాటాక, టైర్ల దుకాణం పక్కన ఒక రేకుల షెడ్డు. బోర్డు లేదు. "బోర్డు పెడితే పేరు సూసి వస్తరు, పెట్టకపోతే పని సూసి వస్తరు" అనేవాడు. ఇంజన్ పని ఎవరైనా చేస్తారు. ఆయన దగ్గరికి దూరం నుంచి వచ్చేది గార్డుల కోసం. బండి పక్కకు పడితే కాలు దాని కింద నలగకుండా ముందర బిగించే ఇనుప పైపు ఉంటుంది చూడండి, అది. పాత బండ్లకు కంపెనీ గార్డులు దొరకవు. ఆయన పైపులో ఇసుక దట్టించి, మంట మీద ఎర్రగా కాల్చి, మడత పడకుండా వంచేవాడు. ఒక్కో గార్డుకు రెండు రోజులు.

నాలుగేళ్ల కింద నేను ఆయన దగ్గరికి కుంటుకుంటూ పోయాను. బొంగ్లూరు దాటాక కంకర మీద జారి, బండి నా కాలి మీద పడింది. మోకాలి కింద పద్నాలుగు కుట్లు. కుట్లు విప్పిన వారానికే ఫోన్లో చూసి ఒక గార్డు తెప్పించుకున్నాను. అద్దంలా మెరిసే స్టీలు, మూడు వంకీలు, రెండు చివర్లా గుండ్లు. దాన్ని బిగించమని ఆయన ముందు పెట్టాను. చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టకుండానే దాని చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు.

"గిదేంది బేటా? గార్డా, పెండ్లి పందిరా?"

"మంచి స్టీలు ఉస్తాద్. మస్తు గట్టిది."

"గట్టిదే. కోటగోడ గూడ గట్టిదే. కాలికి కట్టుకుంటవా?"

షెడ్డులో ఉన్నవాళ్లు నవ్వారు. నాకు మండింది. ఆయన నవ్వలేదు. "ఎక్కు" అన్నాడు.

"ఎక్కి?"

"పండు."

షెడ్డు లోపల గుమ్మం పక్కన నాలుగు గోనెసంచులు ఉండేవి, ఊక నింపి కుట్టినవి. వాటిని రెండు వరుసలుగా పరిచి, నన్ను బండి మీద కూర్చోబెట్టి, ఒక చేయి హ్యాండిల్ మీద, ఒక చేయి నా వీపు మీద పెట్టి, పసిపిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టినట్టు బండిని నాతో సహా ఎడమవైపు పండబెట్టాడు. తర్వాత కుడివైపు. ప్రతిసారి "ఇప్పుడు కాలు తియ్యి" అన్నాడు. కుడివైపు తీయగలిగాను. ఎడమవైపు తీయలేకపోయాను. ఆయన నా పిక్కకూ బండికీ మధ్య చెయ్యి పెట్టాడు. నాలుగు వేళ్లు పక్కపక్కన పెడితే పట్టాలి. పట్టలేదు. "సందు లేదు. నీకు గార్డ్ కావాలె. కానీ గీ పందిరి కాదు."

అదీ ఆయన పద్ధతి. గార్డ్ వేయాలా వద్దా అని వచ్చిన ఎవరికీ నోటితో జవాబు చెప్పలేదు. ముందు పండబెట్టేవాడు. వెనక ఎవరు కూర్చుంటారో అడిగి వాళ్లనూ పిలిపించేవాడు. ఒక సర్పంచ్ గారిని తెల్ల బట్టల్లో ఊక సంచుల మీద పండబెట్టాడు. ఒక కానిస్టేబుల్‌ను పండబెట్టాడు. తుక్కుగూడ నుంచి ఒక పొడుగాటి పిలగాడు బండి మీద షోకు కోసం గార్డ్ వేయించుకుందామని వస్తే, రెండుసార్లు పండబెట్టి చూసి, "నీకొద్దు బేటా. నీ కాలు బండి కంటే ముందుగాల్నే బయట పడతది. ఉట్టిగ ఇనుము మొయ్యకు. సందుల్ల దూరినప్పుడు గదే తట్టుకుంటది" అని పంపించేశాడు. వచ్చిన బేరాన్ని పోగొట్టుకున్నాడని పక్క టైర్ల దుకాణపాయన తిట్టాడు. "గార్డ్ పని కాలును కాపాడుడు. నా దుకాణాన్ని కాదు" అన్నాడు ఉస్తాద్.

ఇలాంటి మనిషిని చదువు లేనివాడు అన్నారు. అవును, లేదు. నాకూ లేదు. నేను ఇంటర్ సగంలో వదిలేసి, మెషిన్ మీద డ్రాయింగ్ చదవడం నాకు నేనే నేర్చుకున్నవాణ్ని. అందుకే చెబుతున్నాను. కాగితం మీద గీసిన కాలు అందరిదీ ఒక్కటే పొడుగు. ఊక సంచుల మీద పడుకున్న కాలు ఎవరిది వాళ్లదే.

ఆయన సొంత బండి గురించి కూడా చెప్పాలి. రెండు సైలెన్సర్ల పాత బండి. దానికి గార్డ్ ఒక్క ఎడమ పక్కనే ఉంటుంది. ఆ పైపు ముందర ఆగదు, పొడుగ్గా వెనక దాకా పోయి, వెనక కూర్చున్న మనిషి పాదాల కింద ఒక మెట్టులా వంగుతుంది. మా చాచి, అంటే ఉస్తాద్ భార్య, చీర కట్టుకుని రెండు కాళ్లూ ఎడమపక్కకే వేసి కూర్చుంటుంది. కుడివైపు ఎందుకు వేయలేదు ఉస్తాద్ అని అడిగాను. "నా కాలిరిగితే నేను కుంటుకుంట పని చేస్త. దాని కాలిరిగితే ఇల్లంత కుంటుతది" అన్నాడు. చాచి లోపలినుంచి, "అబద్ధం! పైపు సాల్లేదు, గందుకే ఒక్కటి ఏసిండు" అని అరిచింది. ఆయన గొంతు తగ్గించి, "రెండూ నిజమే" అన్నాడు.

రెండు మాటల మనిషి కాదు. కానీ ఎప్పుడైనా రెండూ నిజమే అనగలిగే మనిషి.

ఇప్పుడు బోల్టు సంగతి. నా కోపం అంతా అక్కడుంది.

ఉస్తాద్ గార్డుకు పైన రెండు పట్టీలు ఉంటాయి, ఫ్రేమ్ పైపును పట్టుకుని. మధ్యలో పాత సైకిల్ ట్యూబు ముక్క. కింద ఒక్కటే బోల్టు, ఫ్రేమ్‌కు అతికి ఉండే చిల్లు బిళ్లలోంచి, దాన్నే చెవి అంటాం, పోతుంది. ఆ కింది బోల్టు మెత్తది. కావాలనే మెత్తది. బండి పడితే ఆ బోల్టు వంగుతుంది, గార్డు కొంచెం వెనక్కి ఒరుగుతుంది, దెబ్బంతా అక్కడే ఖర్చయిపోతుంది. ఫ్రేమ్‌కు పోదు. ఒరిగిన తర్వాత కూడా కాలికి నాలుగు వేళ్ల సందు మిగిలేలా ఆయన ముందే లెక్క చూసుకునేవాడు. ఆ బోల్టులు ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. ఎప్పుడు కొత్తవి తెచ్చినా అందులోంచి ఒకదాన్ని తీసి, వైస్‌లో బిగించి, సుత్తితో కొట్టి వంచేవాడు. విరిగితే ఆ మొత్తం తిప్పి పంపేవాడు. వంగితేనే మిగిలినవి డబ్బాలోకి. "పది తెస్తే ఒకదాన్ని సంపాలె. అప్పుడే తొమ్మిదిటిని నమ్మొచ్చు" అనేవాడు.

నాకు ఇది నచ్చేది కాదు. నేను పని చేసే చోట బోల్టు అంటే గట్టిది. తల మీద అంకె కొట్టి ఉంటుంది, ఆ అంకె పెద్దదయ్యేకొద్దీ గట్టిదని అర్థం. మెత్త బోల్టు అంటే మాకు తిట్టు. ఆదివారాలు ఉస్తాద్ దగ్గర పని నేర్చుకోవడానికి పోతూ పోతూ ఒకసారి సిటీ నుంచి గట్టి బోల్టులు ఒక పొట్లం కొని తీసుకుపోయాను. బహుమానం అనుకున్నాను. ఆయన ఒకదాన్ని వైస్‌లో పెట్టి కొట్టాడు. వంగలేదు. ఇంకోసారి కొట్టాడు. వంగలేదు. సుత్తి పిడి జారింది. నేను నవ్వాను.

"సూసినవా ఉస్తాద్? గది బోల్టంటే."

"సూసిన. గిది తను వంగదు. పక్కదాన్ని ఇరగ్గొడతది." బోల్టు తీసి నా జేబులో వేశాడు. "మనిషైనా గంతే బేటా. నువ్వు గూడ జర వంగుడు నేర్చుకో. నీ పక్కన ఉన్నోళ్లు ఇరుగుతున్నరు."

నేను ఎవరితో గొడవ పడి వచ్చినా ఆయన మొహం చూసి పట్టేసేవాడు. ఆ రోజు సూపర్‌వైజర్‌తో పడి వచ్చాను.

మొన్న వానాకాలంలో బడంగ్‌పేట్ నుంచి ఒక సారు వచ్చారు. గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. వాళ్ల నాన్నగారి బండి, బంగారంలా చూసుకుంటారు. భార్య కూడా వెంట వచ్చారు. గార్డ్ కావాలన్నది ఆమె. వద్దన్నది ఆయన.

"అది కాదండీ, కొత్తలో ఎలా ఉందో అలాగే ఉంచాలని నా తాపత్రయం. మా గ్రూపులో గార్డ్ ఉంటే ఒరిజినల్ కాదంటారు. పాయింట్లు తగ్గించేస్తారు."

"కింద పడ్డప్పుడు పాయింట్లు ఎవరేస్తరు సార్?" అన్నాడు ఉస్తాద్. "రోడ్డేస్తది."

"నేను పడనండీ. ముప్పై ఏళ్ల నుంచి నడుపుతున్నా."

"పడేదాకా ఎవ్వరూ పడరు సార్."

"మీ ఒరిజినల్ సంగతి సరే" అన్నారు ఆమె, "నా మోకాలు కూడా ఒరిజినలే. దానికి కూడా స్పేర్ పార్టులు దొరకవు."

ఉస్తాద్ తల వెనక్కి వేసి నవ్వాడు. ఆయన అంతగా నవ్వడం నేను అరుదుగా చూశాను. "అమ్మ ఖరా మాట చెప్పింది. సార్, ఏయాల్నా వద్దా నేను చెప్ప. మీ కాలు చెప్తది. ఎక్కుండ్రి."

ఇస్త్రీ ప్యాంటుతో సారు ఎక్కారు, ఆమె వెనక. ఇద్దరినీ కలిపి పండబెట్టాడు. ఒక పక్క నేను పట్టుకున్నాను. సారు మోకాలు ట్యాంకు కింద ఇరుక్కుంది. "కాలు తియ్యుండ్రి సార్." "రావట్లేదండీ." "జర గుంజుండ్రి." "రావట్లేదయ్యా బాబూ, లేపండి ముందు!" ఆమె ఊకలో పడి నవ్వుతూనే ఉన్నారు. ఉస్తాద్ చెయ్యి పెట్టి చూశాడు. రెండు వేళ్లు కూడా పట్టలేదు. లేపి, దుమ్ము దులిపి, "గదీ జవాబ్" అన్నాడు. సారు ఒప్పుకున్నారు. బండి అందం పోకుండా నల్ల రంగు సన్న పైపు, అవసరమైతే గంటలో విప్పి పక్కన పెట్టుకునేలా. ఉస్తాద్ దానికీ సరే అన్నాడు. పైపు రెండు రోజులు వంచాడు, రంగు ఒక రోజు ఆరబెట్టాడు.

బిగించే రోజు శుక్రవారం. నాకు ఆ రోజు సెలవు. పైపట్టీలు ఉస్తాదే బిగించాడు, కింద ఆపుగా ఒక చువ్వ దూర్చి మళ్లీ ఇద్దరినీ పండబెట్టి నాలుగు వేళ్లు పట్టాయని చూసుకున్నాడు. కింది బోల్టు ఒక్కటే మిగిలింది. జుమ్మా నమాజుకు అజాన్ అయింది. "కింద బోల్టు పెట్టి పంపించు బేటా" అని టోపీ పెట్టుకుని వెళ్లాడు. బిస్కెట్ల డబ్బా తీశాను. అందులో ఒకే ఒక్క బోల్టు ఉంది, పరీక్షకు వంచినది. సారు గడియారం చూసుకుంటున్నారు. అరగంట ఆగమని చెప్పొచ్చు. నమాజు అయి ఉస్తాద్ వచ్చి వేరేది తెప్పించేదాకా, అంతే. నా జేబులో గట్టి బోల్టు ఉంది. ఉస్తాద్ తిప్పి ఇచ్చిన నాటినుంచి దాన్ని అక్కడే పెట్టుకుని తిరుగుతున్నాను, తాళంచెవిలా. దాన్ని పెట్టేశాను. "ఇది ఇంకా గట్టిది సార్" అని కూడా చెప్పాను. సారు సంతోషంగా నా వీపు తట్టారు.

ఉస్తాద్ వచ్చి అడిగాడు. "పెట్టినవా?"

"పెట్టిన."

ఏ బోల్టు అని అడగలేదు. ఆయన దగ్గర పని నేర్చుకునేవాడు అలా చేస్తాడని ఆయనకు తట్టదు కాబట్టి అడగలేదు. నేను చెప్పలేదు. తర్వాత ఎన్నో ఆదివారాలు పోయాను. ఆయన ఎదురుగా కూర్చుని చాయ్ తాగాను. డబ్బాలోకి కొత్త బోల్టులు వచ్చాయి, ఒకదాన్ని చంపి తొమ్మిదింటిని నమ్మాడు. అప్పుడైనా ఒక మెత్త బోల్టు తీసుకుని బడంగ్‌పేట్ పోయి మార్చి రావలసింది. రేపు, వచ్చే వారం అనుకున్నాను. ఆయన పోయాడు.

ఆయన పోయిన తొమ్మిదో రోజు సారు ఫోన్ చేశారు. తుక్కుగూడ దగ్గర, ఔటర్ రింగు రోడ్డు కిందినుంచి తిరిగేచోట, ఇసుక మీద బండి జారిందట. ఇద్దరూ పడ్డారట. "కాలికి గీత కూడా పడలేదయ్యా. మా ఆవిడ మోచెయ్యి చెక్కుకుంది, అంతే. కానీ బండి ఫ్రేమ్ దగ్గర చెవి విరిగిపోయింది. నాన్నగారి బండి..." ఉస్తాద్‌ను పిలవమన్నారు. పోయాడని చెప్పాను. "అయ్యో" అన్నారు. నిజంగానే అన్నారు, ఆ మాట కాదనను. నేను అప్పుడు చెప్పాల్సింది. బోల్టు నాది అని. నోరు లేవలేదు. ఎవరిమీద పడితే వాళ్లమీద లేచే నోరు అప్పుడు లేవలేదు.

రెండు రోజుల తర్వాత గ్రూపులో సారు ఆ మాట పెట్టారు. పాత బండ్ల పని పడితే పిలవడానికని నన్ను ఆ గ్రూపులో చేర్చింది సారే. ఫొటో పెద్దది చేసి చూశాను. విరిగిన చెవి. వంకర పోని గార్డ్. చెవిలో నిటారుగా బోల్టు, తల మీద అంకె. ఉస్తాద్ బోల్టు అయితే కొడవలిలా వంగి ఉండేది. ఆయన చెప్పినట్టే జరిగింది. తను వంగలేదు, పక్కదాన్ని విరగ్గొట్టింది.

అంతటితో ఆగితే నేను సిగ్గుతో ఒక మూల కూర్చునేవాణ్ని. ఆగలేదు. ఆ మాట గ్రూపు దాటి ఊళ్లోకి వచ్చింది. షెడ్డు తాళం చాచి నాకిచ్చింది, ఆదివారాలు తెరుస్తున్నాను. మొదటి ఆదివారమే ఇద్దరు వచ్చారు, గార్డ్ విప్పమని. మూడోవాడు పాలు పోసే ఆయన. రోజూ చీకటితో లేచి నాలుగు ఊళ్లు తిరుగుతాడు. ఆయన బండికి ఆ గార్డ్ ఆరేళ్ల నుంచి ఉంది, రెండుసార్లు ఆయన కాలును కాపాడింది.

"ఇప్పు తమ్మీ. ఫ్రేమ్ ఇరుగుతదట గద."

"నీది ఇరిగిందా కాకా?"

"లేదు."

"రెండుమాట్ల పడ్డవ్ కదా, కాలిరిగిందా?"

"లేదు."

"మరెందుకు ఇప్పుడు?"

"ఏమో, పెద్దోళ్లు రాసిన్రట. సదువుకున్నోళ్లు." ఆయన నా మొహం చూడలేదు. "ఉస్తాద్ మంచోడే. కానీ తెలియక చేసిండేమో."

తెలియక. ఈ మాట దగ్గర నా పానా కిందపడింది. ఆయనకు తెలియనిదల్లా నా జేబులో ఏముందో, అదొక్కటే. పాలాయనకు గార్డ్ విప్పలేదు. కింది బోల్టు తీసి, వంచి చూపించి, డబ్బాలోంచి కొత్తది పెట్టి పంపాను. మొదటి ఇద్దరూ మాత్రం నేను విప్పనంటే వేరే చోట విప్పించుకున్నారు. వాళ్లు ఇప్పుడు సాగర్ రోడ్డు మీద, ఇసుక లారీల మధ్య, ఆ సందు లేకుండా తిరుగుతున్నారు. నాకు రోజూ షిఫ్టులో అదే ఆలోచన. ఫోన్ అరలో ఉంటుంది. బయట ఎవరు పడ్డారో తెలియదు.

ఆ మాట చాచి దాకా కూడా పోయింది. భర్త పోయినవాళ్లు పాటించే ఇద్దత్‌లో ఉంది, ఇల్లు దాటదు. తలుపు చాటునుంచి అడిగింది.

"నిజమేనా బేటా? ఆయన చేసిన దాంతోనే ఇరిగిందా?"

ముప్పై ఎనిమిదేళ్లు ఆయన పక్కన, ఆ ఒంటి గార్డ్ మెట్టు మీద కాళ్లు పెట్టుకుని తిరిగిన మనిషి అడిగింది. ఇక దాచలేకపోయాను. జుమ్మా, డబ్బా, జేబు, అన్నీ చెప్పాను. తిడుతుందని చూశాను. తిట్టలేదు.

"నాకు చెప్తే ఏం ఫాయిదా?" అంది. "నేనెప్పుడన్న ఆయన్ని అనుమానించిన్నా? రాసినోళ్లకు చెప్పు. ఇన్నోళ్లందరికి చెప్పు."

"చెప్త చాచి."

"గొడవ పెట్టుకోకు. ఆయనకు గొడవలు పడవు." తలుపు మూస్తూ, "కానీ గట్టిగనే చెప్పు" అంది.

రెండూ నిజమే.

అందుకే చెబుతున్నాను. ఈ పత్రిక చదివే ప్రతి ఒక్కరికీ. బడంగ్‌పేట్ సారు బండి ఫ్రేమ్ విరగడానికి కారణం నా బోల్టు. ఉస్తాద్ వద్దన్న బోల్టు, ఉస్తాద్ లేనప్పుడు నేను పెట్టిన బోల్టు. ఫ్రేమ్ నేను బాగుచేస్తాను, పాత చెవి ఎలా ఉండేదో అలాగే, నా చేతులతో. అది నా తప్పుకు నేను చేసుకునేది. మా ఉస్తాద్ గురించి రాసిన మాట మాత్రం నేను మోయను. అది మీరు రాశారు, మీరే తీయాలి.

సార్, మీరు చదువుతారని తెలుసు. మీరు ఫ్రేమ్ విరిగిందని రాశారు. కాలు విరగలేదని రాయలేదు. అమ్మగారి మోకాలు ఒరిజినల్‌గానే ఉందని రాయలేదు. ఊక సంచుల మీద మీరిద్దరూ పడుకున్న రోజు రెండు వేళ్లు పట్టని చోట, తుక్కుగూడ దగ్గర మీరు పడ్డ రోజు నాలుగు వేళ్లు ఎలా పట్టాయో రాయలేదు. ఆ సందు చదువు లేని మనిషి రెండు రోజులు మంట ముందు కూర్చుని మీ కోసం చేసింది.

వచ్చే శుక్రవారం ఉస్తాద్ నలభయ్యో రోజు. ఇంటి దగ్గర ఆయన పేరు మీద ఫాతెహా చదవడం, అన్నాలు. ఆయన గార్డ్ వేసినవాళ్లు చాలామంది వస్తారు, వేయనని తిప్పి పంపినవాళ్లూ వస్తారు. నేను కోరేది ఇదీ. ఆ బోల్టు పారేయకండి. గ్రూపులో ఎక్కడ ఆ మాట రాశారో అక్కడే, అంతమంది చూసేలా, బోల్టు ఎవరిదో, కాలు ఎవరివల్ల మిగిలిందో రాయండి. విప్పించుకున్నవాళ్లను మళ్లీ బిగించుకోమని రాయండి. గురువారం పొద్దు గూకేలోపల రాయండి. రాయకపోతే శుక్రవారం జుమ్మా అయ్యాక నేనే ఈ కాగితం పట్టుకుని మీ గుమ్మం ముందుకు వస్తాను. అరవను. చాచికి మాటిచ్చాను. కానీ జవాబు తీసుకోకుండా కదలను.

రాస్తే మాత్రం బండి వేసుకుని మీరే రండి. షెడ్డు తెరిచి ఉంటుంది. సంచులు పరిచే ఉన్నాయి. ఉస్తాద్ పోయినప్పటినుంచి వాటిని నేను కదపలేదు. ఆఖరిసారి ఎవరినో పండబెట్టిన గుంట ఎడమవైపు సంచి మీద అలాగే ఉంది. దాని పక్కనే చిన్న లోతు, ఆయన అరచేయి ఆనించి లేచిన చోట. నాలుగు వేళ్లూ విడివిడిగా కనిపిస్తాయి.